ఇది ఏ రకం కథ?



పోయిన టర్మ్‌లో ఏడో తరగతి తెలుగు వర్క్‌షీట్‌లో నేనే ఒక ప్రశ్న ఇచ్చాను. "ఇది ఏ రకం కథ? సరైన దానికి టిక్ పెట్టండి." ఒక బాబు సైన్స్ ఫిక్షన్‌కీ, సాంఘిక కథకీ రెండింటికీ టిక్ పెట్టాడు. కీ ప్రకారం జవాబు ఒకటే, సైన్స్ ఫిక్షన్. తప్పు కొట్టేశాను. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది కానీ, చదవలేదు.

ఆ కథ సత్యజిత్ రాయ్ రాసిన 'బంకుబాబు స్నేహితుడు'. అవును, సినిమాల రాయ్‌గారే. తన తాతగారు స్థాపించిన 'సందేశ్' పిల్లల పత్రిక కోసం 1962లో బెంగాలీలో రాశారు. బంకుబాబు పల్లెటూరి బడిలో జాగ్రఫీ, బెంగాలీ చెప్పే మాస్టారు. బడిలో పిల్లలు ఏడిపిస్తారు. సాయంత్రం ప్లీడరు గారింట్లో చేరే పెద్దమనుషులు ఇంకా ఎక్కువ ఏడిపిస్తారు. ఆయన పల్లెత్తు మాట అనరు. ఒక రాత్రి ఇంటికి వెళ్తుంటే వెదురు తోపు దగ్గర వేరే గ్రహం నుంచి దారితప్పి వచ్చిన నౌక కనిపిస్తుంది. అందులోంచి దిగిన జీవి ఆయనతో మర్యాదగా మాట్లాడి, ఒక గొట్టంలోంచి ఉత్తర ధ్రువాన్ని, బ్రెజిల్ అడవిని చూపిస్తుంది. ఇన్నేళ్లూ పిల్లలకు మ్యాపు మీద వేలుపెట్టి చూపించిన చోట్లు! అవమానాలను అలా భరించడం మంచిది కాదని కూడా చెబుతుంది. ఆ తర్వాత ప్లీడరు గారింటికి వెళ్లిన బంకుబాబు ఒక్కొక్కరికీ పెట్టాల్సిన గడ్డి పెట్టి, ఇక రానని చెప్పి వచ్చేస్తారు.

నౌకను తీసేస్తే ఆయన అలా పడుతూనే ఉంటారు. ఆయన్ను తీసేస్తే నౌక వచ్చి పోవడం తప్ప ఏమీ మిగలదు. అలాంటప్పుడు ఒక్క టిక్ ఎక్కడ పెట్టాలి?

మీలో చాలామంది చందమామలో బేతాళ కథలు చదివే ఉంటారు. శ్మశానం, భుజాన శవం, అందులో బేతాళుడు: ఇంతవరకు దెయ్యం కథ. వాడు చెప్పేది ఒకసారి ప్రేమ కథ, ఒకసారి రాజుల కథ. చివర్లో మాత్రం తీర్పు చెప్పాల్సిన చిక్కుప్రశ్న. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆ భయమే లేకపోతే ప్రశ్నకు అంత బరువు ఉండేది కాదు. మనం చిన్నప్పుడు అది ఏ రకమో అడక్కుండానే చదివేశాం.

ఇక ఆ వర్క్‌షీట్ సంగతి. మార్కు ఎందుకు పోయిందని బాబు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. అప్పుడు మళ్లీ తీసి చూశాను. మార్జిన్‌లో ఉన్నది ఇది: "మా వ్యాన్‌లో కూడా ఇంతే." వెనక సీట్లో పెద్దపిల్లలు నెలల తరబడి పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారట. ఇంట్లో చెప్పలేదు, మాకూ చెప్పలేదు. కథ గురించి అడిగితే చెప్పాడు.

మార్కు ఇచ్చాను. వ్యాన్‌లో సీటు మార్పించాం, ఆ పెద్దపిల్లల ఇళ్లకూ ఫోన్ చేశాం. వర్క్‌షీట్‌లో ప్రశ్న కూడా మార్చాను: "ఈ కథలో ఏది తీసేస్తే మిగతాది నిలబడదు? ఎందుకు?"

ఈ నెల లైబ్రరీ పీరియడ్‌లో 6, 7 తరగతులకు ఇదే కథ చదువుతున్నాం. ఇంటికి వచ్చాక మీరూ ఒకసారి చెప్పించుకోండి. మధ్యలో ఆగితే తొందరపెట్టకండి.