పిన్ను లాగితే రాదు

ఉప్పాడ నుంచి కాకినాడ పోయే రోడ్డు సముద్రం ఒడ్డునే ఉంటుంది. కెరటాలు రోడ్డును కోసెయ్యకుండా అంచున పెద్ద పెద్ద బండరాళ్లు వేశారు. అయినా గాలి లేచిన రోజున నీళ్లు రోడ్డు మీదికి ఎగిరి పడతాయి. మనుషుల మీదా పడతాయి. బళ్ల మీదా పడతాయి.

ఆ దారి పక్క ఊళ్లో చేపలు అమ్మే ఒకామె ఉంది. తెల్లారకముందే రేవుకు పోయి సరుకు తెచ్చుకుంటుంది. కొడుకు మోటారు సైకిలు నడుపుతాడు. ఆమె వెనక కూర్చుంటుంది. ఒక రోజు చీకట్లో హెడ్‌లైటు టక్కున ఆరిపోయింది. కొడుకు బ్రేకు వేశాడు. ముందు చక్రం బండరాయికి జానెడు దూరంలో ఆగింది.

ఒక షెడ్డులో చూపించారు. "వైరింగంతా మార్చాలి. మూడు వేలవుతుంది" అన్నారక్కడ. మూడు వేలంటే ఎన్ని గంపల చేపలు అమ్మాలి!

ఊళ్లో ఇంకో షెడ్డు ఉంది. దాన్ని నడిపేది ఆడమనిషే. భర్త దగ్గర పని నేర్చుకుంది. అందరూ ఆమెను మెకానిక్ అక్క అంటారు.

"ఏంటి చెల్లీ, బండి తోసుకొచ్చారు?"

"లైటు ఎలగట్లేదక్కా. కొత్త బల్బు వేశాం. అయినా రాలేదు."

అక్క ముందు బ్యాటరీ తీగలు విప్పింది. మైనస్ తీగ మొదట, ప్లస్ తీగ తరవాత. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బండి ఇనుముకు తగిలి నిప్పురవ్వలు రావచ్చు. బండి బ్యాటరీ 12 ఓల్టులే. ముట్టుకుంటే షాకు కొట్టదు. కానీ ప్లస్సు, మైనస్సు నేరుగా కలిస్తే తీగ ఎర్రగా కాలిపోతుంది. బండే అంటుకోవచ్చు.

తరవాత హెడ్‌లైటు డూము విప్పింది. లోపల తీగల చివర్లు చిన్న ప్లాస్టిక్ డబ్బీలో దూరి ఉన్నాయి. దాన్ని కప్లర్ అంటారు. అందులో ఆరు గదులున్నాయి. ఒక్కో గదిలో ఒక్కో ఇత్తడి పిన్ను. రెండు పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది.

"ఉప్పునీళ్లు దిగాయి. తీగలు బాగానే ఉన్నాయి చెల్లీ. రెండు పిన్నులు మారిస్తే చాలు" అంది అక్క. తీగల తొడుగు ఎండి పెళుసైనా, కాలినా వైరింగంతా మార్చక తప్పదు. ఈ బండికి ఆ గతి పట్టలేదు.

ఈ లోపల కొడుకు పట్టుకారు తీసుకుని ఒక తీగను గట్టిగా లాగాడు. తీగ తెగి చేతికి వచ్చింది. పిన్ను లోపలే ఉండిపోయింది.

"ఆగరా అబ్బాయ్! పిన్ను లాగితే రాదు" అంది అక్క. పాత పిన్ను ఒకటి తీసి చూపించింది. దాని వీపు మీద సన్నటి రేకు పైకి లేచి ఉంది.

"ఈ నాలుక చూశావా? గాలానికి ముల్లు ఉన్నట్టే ఇది. లోపలికి పోతుంది. వెనక్కి రాదు. గది గోడకు తన్ని పట్టుకుంటుంది. నువ్వెంత లాగితే అంత బిగుస్తుంది."

తల్లికి వెంటనే అర్థమైంది. గాలం ముల్లు ఆమెకు తెలియనిదా!

"చెల్లీ, నా చేతులకు గ్రీజు ఉంది. నువ్వు కాగితం తీసుకుని రాయి. ఏ గదిలో ఏ రంగు తీగో రాశాకే విప్పాలి. ఒక కంపెనీ బండికి ఆకుపచ్చ తీగ ఎర్తు. ఇంకో కంపెనీకి నల్లది ఎర్తు. ఊహించి పెడితే ఫ్యూజు పోతుంది."

ఆమె చదువు నేర్చి ఏడాది కాలేదు. మెల్లగా రాసింది. 1 ఎరుపు. 2 ఆకుపచ్చ. 3 నలుపు, తెల గీత. లకు వత్తు మరిచిపోయింది. చూసుకుని దిద్దింది. ఆరు గదులూ రాసింది.

అక్క కప్లర్‌లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగింది. ఆమె పనిముట్టు సైకిలు చక్రం పుల్ల. దాని కొన సుత్తితో కొట్టి పల్చన చేసి అరగదీసింది. పిన్నీసు అయితే వంగిపోతుంది.

ముందు తీగను వెనక్కి లాగలేదు. కొంచెం ముందుకు నెట్టింది. అప్పుడు నాలుక మీద బరువు తగ్గుతుంది. కప్లర్ ముందు వైపు నుంచి పుల్ల దూర్చి నాలుకను అణిచింది. అలా అణిచిపట్టి తీగను మెల్లగా లాగింది. పిన్ను జారి వచ్చేసింది. తీగ తెగిన పిన్నును లాగడానికి ఏమీ లేదు. దాని నాలుకను అలాగే అణిచి, ముందు నుంచి ఇంకో పుల్లతో వెనక్కి తోసింది. అది మాత్రం చాలాసేపు ఏడిపించింది.

కొన్ని కప్లర్లకు చిన్న ప్లాస్టిక్ పలక కూడా అడ్డం ఉంటుంది. ముందు దాన్ని ఎత్తాలి. లేకపోతే నాలుక అణిచినా పిన్ను కదలదు.

కొత్త పిన్నుకు రెండు జతల రెక్కలున్నాయి. ఒక జత రాగి తీగను పట్టుకుంటుంది. రెండో జత తొడుగును పట్టుకుంటుంది. అక్క రెండు జతలూ నొక్కింది. పిన్నును గదిలో పెట్టగానే టిక్కుమంది. తీగను మెల్లగా లాగి చూసింది. రాలేదు. పాత పిన్నునే మళ్లీ పెట్టాలంటే, అణిగిన నాలుకను కొంచెం పైకి లేపి పెట్టాలి. లేకపోతే గతుకుల్లో వెనక్కి జారిపోతుంది.

ఆమె కాగితం చదివింది. అక్క గది గదీ సరిచూసింది. ఉప్పునీళ్లు దిగకుండా కప్లర్ చుట్టూ వేసలిన్ పల్చగా రాసింది. బ్యాటరీకి ఈసారి ప్లస్ ముందు, మైనస్ తరవాత బిగించింది. కొడుకు కిక్కు కొట్టాడు. లైటు వెలిగింది.

"ఎంతక్కా?"

"పిన్నులకీ పనికీ కలిపి నూట యాభై ఇవ్వు. ఆ కాగితం పారెయ్యకు. బండి కాగితాలతో పాటు పెట్టుకో. మళ్లీ పనికొస్తుంది."

ఆమె కాగితం మడవబోయి ఆగింది. మళ్లీ పెన్ను అడిగి, పైన బండి నంబరు రాసుకుంది.