ముందు తలుపు కొలవండి

కార్గో రాంపు మీదా లోడ్ ప్లానింగ్ గదిలోనూ ఉద్యోగమంతా గడిపి రిటైరైనవాణ్ణి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు మొదట అడిగేది ఒకటే: "747 ఫ్రైటర్ ఎన్ని టన్నులు మోస్తుందండీ?" ఆ అంకె ఎవరైనా చెబుతారు. దానితో అవసరం పడేది అన్నిటికన్నా చివర్న. అంతకుముందు తెలియాల్సినవి ఇవి.

1. సరుకును ఆపేది బరువు కాదు, తలుపు. 747-8 ఫ్రైటర్ 130 టన్నులకు పైనే మోస్తుంది. కానీ ఎడమవైపు, రెక్కకు వెనక ఉన్న పెద్ద తలుపు ఎత్తు 3.1 మీటర్లు, వెడల్పు 3.4 మీటర్లు. సరుకు ఎత్తు మూడు మీటర్లు దాటితే టన్నుల లెక్క మడిచి పక్కన పెట్టాల్సిందే. ముక్కు తలుపు ఇంకా పొట్టిది, రెండున్నర మీటర్లకు మించిన ఎత్తు దూరదు. మరి అది దేనికంటే, పొడుగు సరుక్కి. పెద్ద పైపుల్ని పక్క తలుపులోంచి ఎక్కించి లోపల తిప్పడం కష్టం, ముక్కులోంచైతే నేరుగా తోసేయవచ్చు. ఎత్తయింది పక్కనుంచి, పొడుగైంది ముక్కునుంచి.

2016 మేలో ఆంటనోవ్ 225 శంషాబాద్‌లో దిగినప్పుడు ఊరంతా దాని ఆరు ఇంజన్ల గురించే చెప్పుకుంది. అది ఆస్ట్రేలియాకు మోసుకెళ్తున్న జనరేటర్ బరువు దాదాపు 117 టన్నులు. కాగితం మీద చూస్తే 747-8 మోయగల బరువే! కానీ అంతటి ఒకే దిమ్మ 747 తలుపులో పట్టదు, పట్టినా నేల మోయదు. 2022లో ధ్వంసమైన ఆ ఆంటనోవ్ ముక్కు మొత్తం పైకి లేచేది, ముందు చక్రాల మీద మోకరిల్లేది, లోపల 4.4 మీటర్ల ఎత్తు, 6.4 మీటర్ల వెడల్పు ఉండేవి. ఆ పని దానికి దక్కింది అందుకే.

2. విమానం పేరు విని బుకింగ్ ఒప్పుకోకండి. 747 నెత్తిన ఉన్న మూపురం అందానికి పెట్టింది కాదు. 1960ల్లో బోయింగ్ ఇంజనీరు జో సటర్ బృందం ఈ విమానాన్ని గీస్తున్నప్పుడు, ప్రయాణికులంతా ధ్వనికన్నా వేగంగా పోయే విమానాలకు మళ్లిపోతారనీ, 747కు చివరికి మిగిలేది సరుకేననీ చాలామంది నమ్మకం. అందుకని ముక్కు తెరుచుకునేలా కాక్‌పిట్‌ను పైకి జరిపారు. పైగా, ప్రమాదంలో సరుకు ముందుకు దూసుకొచ్చినా పైలట్ల మీద పడదు. జోస్యం తప్పింది, మూపురం మిగిలింది. అయితే ప్రయాణికుల విమానాన్ని తర్వాత ఫ్రైటర్‌గా మార్చిన 747లకు ముక్కు తలుపు ఉండదు. వచ్చేది ఏ రకమో రిజిస్ట్రేషన్ నంబరుతో సహా అడగండి.

3. నేలకూ ఒక హద్దుంది. 244 × 318 సెంటీమీటర్ల పాలెట్ మీద, పాలెట్ బరువుతో కలిపి 6,804 కిలోలు పెట్టొచ్చు. అదంతా నాలుగు చిన్న ఇనుప కాళ్ల మీద నిలబడే యంత్రమైతే మాత్రం కుదరదు. కింద చెక్క దిమ్మెలు పరిచి బరువును పంచాలి.

4. ఎక్కించేటప్పుడు ముందువైపు నుంచి, దించేటప్పుడు వెనకనుంచి. తిరగేస్తే విమానం తోక మీద కూలబడుతుంది. తోక కింద ఆనించే టెయిల్ స్టాండ్ ఉంది కదా అని వరస మార్చకండి.

5. కట్టు దగ్గర లెక్క వెయ్యండి, అంచనా కాదు. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్‌లో 747-400 ఒకటి గాల్లోకి లేచిన కొద్ది క్షణాలకే కూలింది. అందులో ఐదు సైనిక వాహనాలు, కొన్ని ఒక్కొక్కటి 18 టన్నులవి. బరువు వెనక్కి జరిగి ముక్కు పైకి లేచి పడిపోయిందని వీడియో చూసినవాళ్లందరూ అనుకున్నారు. దర్యాప్తు తేల్చింది వేరు. వెనక్కి జారిన వాహనం హైడ్రాలిక్ గొట్టాల్నీ, తోక రెక్కను కదిలించే స్క్రూనీ దెబ్బతీసింది. ఆ తర్వాత పైలట్ల చేతిలో ఏమీ లేకపోయింది. విమానంలో ఉన్న ఏడుగురూ పోయారు. పట్టీలు తక్కువయ్యాయి. పట్టీ మీద రాసిన బలం నేరుగా లాగినప్పటిది, ఏటవాలుగా కడితే అందులో కొంతే పనిచేస్తుంది. కోణం కొలవకుండా పట్టీల్ని లెక్కపెట్టేవాణ్ణి నేను లోడ్ దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు.

6. మెయిన్ డెక్ మీద మంటను ఆర్పే గ్యాసు లేదు. గాలి ఆపి, లోపలి పీడనం తగ్గించి, ఆక్సిజన్ అందకుండా చేయడమే ఉపాయం. లిథియం బ్యాటరీ మంట దానికి లొంగదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో కూలిన 747లో ప్రమాదకర సరుకుగా ప్రకటించాల్సి ఉండీ ప్రకటించని బ్యాటరీలు ఉన్నాయి. పైలట్లిద్దరూ చనిపోయారు. డిక్లరేషన్ కాగితం గుమాస్తా పని అనుకునేవాళ్లకు ఈ ఉద్యోగం వద్దు.

7. మందుల సరుక్కి గండం గాల్లో కాదు, రాంపు మీద. 2021 జూన్ 1న హైదరాబాద్‌కు 56.6 టన్నుల స్పుత్నిక్ టీకాలు ఛార్టర్ ఫ్రైటర్‌లో వచ్చాయి. నిల్వ ఉండాల్సింది మైనస్ 20 డిగ్రీల దగ్గర. ఎండాకాలంలో అలాంటి పెట్టె దిగాక ఎంతసేపు బయట ఉంటుందో ముందే అడిగి, కోల్డ్ రూములో చోటు ఖాళీ పెట్టించండి.

8. సరుకు పంపే కంపెనీలకూ ఏజెంట్లకూ ఒక మనవి. బుకింగ్ మెయిల్‌లో టన్నులు మాత్రమే రాసి ఊరుకోకండి. ప్రతి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, అడుగుభాగం నేలకు ఎంత మేర ఆనుతుందో, పట్టీలు తగిలించే కొక్కేలు ఎక్కడున్నాయో బొమ్మతో సహా పంపండి.