108 వచ్చేలోపు చేయవలసిన పని

గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుందని మనమంతా సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. అది ఉన్నట్టుండి ఆగిపోతే పక్కనున్నవాళ్లు ఏం చేయాలో మాత్రం చాలామందికి తెలియదు.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు

గుండెకు రక్తం అందించే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. ఛాతీలో నొప్పి, చెమటలు ఉంటాయి. సాధారణంగా మనిషి స్పృహలోనే ఉంటాడు. గుండె ఆగిపోవడాన్ని కార్డియాక్ అరెస్ట్ అంటారు. మనిషి కుప్పకూలిపోతాడు, పిలిస్తే పలకడు. గుండెపోటు ముదిరినా, కరెంటు షాక్ కొట్టినా ఇలా జరగవచ్చు. మెదడుకు రక్తం అందక కొద్ది నిమిషాల్లోనే అది దెబ్బతింటుంది. ఛాతీ నొక్కకుండా ఊరుకుంటే బతికే అవకాశం నిమిషానికి 7 నుండి 10 శాతం తగ్గిపోతుంది. 108 ఎంత వేగంగా వచ్చినా దారిలో కొంత సమయం పడుతుంది.

ఎగశ్వాసను చూసి మోసపోవద్దు

గుండె ఆగిన కొందరు నోరు తెరిచి ఆగి ఆగి ఎగపీలుస్తారు. దీన్నే మన ఊళ్లలో ఎగశ్వాస అంటారు. చివరి ఘడియ వచ్చిందని నోట్లో నీళ్లు పోస్తారు, అరికాళ్లు రుద్దుతారు. అది నిజమైన ఊపిరి కాదు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టవలసిన సమయం అదే. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు అసలే పోయరాదు.

పెద్దవాళ్లకు సి.పి.ఆర్. చేసే విధానం

1. కరెంటు షాక్ అయితే ముందు మెయిన్ ఆపాలి. భుజాలు తట్టి పిలవాలి. పలకకుండా, ఊపిరి సరిగా లేకుండా ఉంటే వెంటనే ఒకరు 108కు ఫోన్ చేయాలి.
2. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ ఒక అరచేయి, దానిపై రెండో చేయి ఉంచాలి.
3. మోచేతులు వంచకుండా 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి.
4. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అంబులెన్స్ వచ్చేవరకు, లేదా మనిషిలో కదలిక వచ్చేవరకు ఆపరాదు.

ఇతర చోట్ల

అమెరికాలోని సియాటెల్ నగరంలో 1970వ దశకంలోనే మామూలు పౌరులకు ఇది నేర్పడం మొదలుపెట్టారు. సింగపూర్‌లో 2015 నుండి దగ్గరలో ఉన్న వాలంటీర్ల సెల్‌ఫోన్లకు కబురు అందే ఏర్పాటు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో సి.పి.ఆర్. శిక్షణ కార్యక్రమం ప్రారంభించింది.

మన హాస్టల్లో

కబురు అందుకుని పరుగెత్తి వచ్చే మనుషులకు మన హాస్టల్లో కొదవ లేదు. ఒకరు నొక్కాలి, ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు గేటు దగ్గర నిలబడి దారి చూపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని ఏటా ఒక ఆదివారం పిలిపించి నేర్పించమని వార్డెన్ గారిని కోరదాం. సాధన బొమ్మ మీదే చేయాలి, తోటివారి మీద చేయరాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామంది ఊళ్లకు పెద్దాసుపత్రి దూరం. సెలవులకు వెళ్లినప్పుడు మీ వాడలో కనీసం నలుగురికి ఈ పాఠం చెప్పండి.