కళ్లద్దాలకు ముందు కంటి పరీక్ష

మా రాత్రి బడికి ఒక పెద్దమ్మ వస్తుంది. వయసు నలభై అయిదు దాటింది. అక్షరాలన్నీ త్వరగా నేర్చుకుంది. బోర్డు మీద రాస్తే గడగడా చదివేది. పుస్తకం చేతికిస్తే మాత్రం తడబడేది. పుస్తకాన్ని దూరంగా, ఇంకా దూరంగా జరిపేది. ఒకరోజు పుస్తకం మూసేసింది.

"నాకు చదువు అబ్బదు పంతులమ్మా. నేర్చుకున్నవి కూడా మర్చిపోతున్నా" అంది.

"మర్చిపోతే బోర్డు మీదవి ఎలా చదువుతున్నావు పెద్దమ్మా?" అని అడిగాను.

పెద్దమ్మ ఆలోచనలో పడింది.

అక్కలారా! లోపం ఆమె చదువులో లేదు. చూపులో ఉంది. నలభై ఏళ్లు దాటేసరికి కంటిలోని కటకం బిరుసెక్కుతుంది. అప్పుడు దగ్గరివి మసకగా కనిపిస్తాయి. సూదిలో దారం ఎక్కదు. బియ్యంలో రాళ్లు కనబడవు. దీన్నే చత్వారం అంటారు. ఇది వయసుతో అందరికీ వచ్చేదే. సరైన అద్దాలు పెట్టుకుంటే అక్షరం మళ్లీ తేటగా కనిపిస్తుంది.

పెద్దమ్మ తిరునాళ్లలో అద్దాలు కొనుక్కుంది. పెట్టుకుంటే తలనొప్పి వచ్చింది. ఎందుకని? ఆ అద్దాల్లో రెండు కళ్లకూ ఒకటే పవరు. మన రెండు కళ్లూ ఒకేలా ఉండాలని లేదు. పైగా అమ్మినతను ఆమె కళ్లు పరీక్ష చెయ్యలేదు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

కంటి డాక్టరు కంటి జబ్బులకు మందులిస్తారు, ఆపరేషన్ చేస్తారు. ఆప్టోమెట్రిస్టు చూపు పరీక్ష చేసి పవరు రాస్తారు. ఆప్టిషియన్ ఆ పవరు ప్రకారం అద్దాలు తయారు చేయించి, ఫ్రేము మన ముఖానికి సరిచేసి ఇస్తారు. షాపులోనే పరీక్ష చేస్తామంటే, "పరీక్ష చేసేది ఎవరు? ఏం చదువుకున్నారు?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

ప్రభుత్వం కూడా ఊళ్లలో కంటి పరీక్షలు చేయించింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న 'కంటి వెలుగు' మొదలైంది. 2023లో రెండోసారి జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టారు. ఇప్పుడు మీ దగ్గర శిబిరం ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కంటి పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కోండి.

మంచి పరీక్షను ఎలా గుర్తుపట్టాలి?

1. ముందు మాట్లాడతారు. షుగరు, బీపీ ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా నీటికాసులు వచ్చాయా? మీరు చేసే పని ఏమిటి? ఇవన్నీ అడుగుతారు. బీడీలు చుట్టేవారికి, బట్టలు కుట్టేవారికి దగ్గరి చూపు ఎక్కువ అవసరం.

2. ఒక్కో కన్ను మూసి, దూరం చూపు చూస్తారు. చార్టు మామూలుగా 6 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే సుమారు 20 అడుగులు. గది చిన్నదైతే అద్దంలో చూపిస్తారు. చదువు రానివారికి గుర్తుల చార్టు ఉంటుంది. గుర్తు ఎటు తిరిగిందో చేత్తో చూపిస్తే చాలు.

3. పుస్తకం పట్టుకునే దూరంలో కార్డు ఇచ్చి, దగ్గరి చూపు చూస్తారు.

4. కంప్యూటర్ మిషన్‌లో చూసి ఊరుకోరు. ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? అది బాగుందా?" అని అడుగుతారు. తొందరపడకండి. తేడా తెలియకపోతే తెలియడం లేదని చెప్పండి.

5. కన్ను లోపల కూడా చూస్తారు. శుక్లమో, నీటికాసులో ఉన్నట్టు అనుమానం వస్తే డాక్టరు దగ్గరకు పంపుతారు.

6. పవరు చీటీ ఇస్తారు. అద్దాలు తమ దగ్గరే కొనాలని బలవంతం చెయ్యరు.

జాగ్రత్త!

నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ముందే కనిపెడితే ఉన్న చూపును కాపాడుకోవచ్చు. షుగరు ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపలి పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకు చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. అందుకని ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

హఠాత్తుగా చూపు తగ్గినా, కన్ను ఎర్రబడి బాగా నొప్పిపుట్టినా, కంటికి దెబ్బ తగిలినా అద్దాల షాపుకు వెళ్లొద్దు. అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్లండి.

చీటీ చదువుదాం

చీటీలో 'ఆర్' అని ఉంటే కుడి కన్ను. 'ఎల్' అని ఉంటే ఎడమ కన్ను. దగ్గరి చూపు అద్దాలకు మామూలుగా + గుర్తు ఉంటుంది. దూరం సరిగా కనబడనివారికి చాలాసార్లు – గుర్తు ఉంటుంది.

పెద్దమ్మ ఆస్పత్రికి వెళ్లి పరీక్ష చేయించుకుంది. చీటీలో కుడి కంటికి +1.50, ఎడమ కంటికి +2.00 అని రాసిచ్చారు. అద్దాలకు షాపుకు వెళ్లింది. షాపతను బిల్లులో రెండు కళ్లకూ +1.50 రాశాడు. పెద్దమ్మ చీటీని బిల్లు పక్కన పెట్టి చూసింది.

"ఎడమ కంటికి రెండు అని ఉంది కదా నాయనా!" అంది.

షాపతను చూసుకుని దిద్దాడు.

చదువు అబ్బదన్న పెద్దమ్మే ఆ తప్పు పట్టుకుంది. ఇప్పుడు రోజూ బడికి వస్తోంది. పుస్తకం ఒళ్లో పెట్టుకునే చదువుతోంది.

మాట్లాడుకుందాం

1. మీలో ఎవరు పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చదువుతున్నారు?
2. మీ ఇంట్లో షుగరు ఉన్నవారు కంటి పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది?
3. మీ ఇంట్లో కళ్లద్దాల చీటీ ఉంటే తీసుకురండి. రేపు అందరం కలిసి చదువుదాం.