పిల్లల తరఫున పెద్దలతో మాట్లాడే ఉద్యోగం

బాలల సంక్షేమ రంగం ఎందుకు ఎంచుకున్నావని అడిగితే చాలామంది విద్యార్థులు చెప్పే జవాబు ఒకటే: ‘పిల్లలంటే నాకు ప్రాణం’. సంతోషమే. కానీ ఈ ఉద్యోగంలో రోజంతా మీ ఎదుట కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే. అప్పు తీర్చడానికి కొడుకును పనికి పెట్టిన తండ్రి, కార్ఖానా యజమాని, టీసీ లేదంటూ తిప్పి పంపే హెడ్మాస్టరు, ‘ఇంటి గొడవ కదా, సర్దుకుపోండి’ అనే ఎస్సై. వీళ్లతో తగువు పెట్టుకోకుండా, మాట తగ్గకుండా పని జరిపించుకోగలరా అన్నదే అసలు పరీక్ష.

శాంతా సిన్హా చేసిన పని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1950లో నెల్లూరులో పుట్టిన ఆమె హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం బోధించారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతానికి కుదిరిన పిల్లల్ని విడిపించి బడికి పంపే పని ఎత్తుకుంది. పేదరికం పోతే పిల్లలు వాళ్లంతట వాళ్లే బడికొస్తారని చదువుకున్నవాళ్లు సైతం నమ్మిన కాలమది. ఆమె ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల లెక్కలోనే వేయాలన్నారు. చెల్లెల్ని ఎత్తుకుని ఇంటి దగ్గరుండిపోయే పిల్ల కూడా అందులోకే వస్తుంది.

పన్నెండేళ్ల వాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మర్నాడే పారిపోతాడు. అందుకే వాళ్లు బ్రిడ్జి కోర్సు క్యాంపులు పెట్టారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించేవారు. 2009 విద్యాహక్కు చట్టంలోనూ వయసుకు తగ్గ తరగతి, ప్రత్యేక శిక్షణ అనే ఏర్పాటు ఉంది. ఇక కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సీడు పత్తి చేలు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మరో మొక్క పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టేవారు. వాళ్లను బడికి తేవాలంటే రైతుతో, తల్లిదండ్రులతో, విత్తనాలు కొనే కంపెనీతో, అందరితోనూ మాట్లాడాల్సిందే. శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇప్పుడు ఈ రంగంలోకి దారులు చూద్దాం. సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) అందరూ నడిచే బాట. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో, హైదరాబాద్ రోడా మిస్త్రీ కాలేజీలో ఉంది. లా, సైకాలజీ, సోషియాలజీ చదివినవాళ్లకూ చోటుంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో ప్రొటెక్షన్ ఆఫీసర్, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, అవుట్‌రీచ్ వర్కర్ లాంటి పోస్టులుంటాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టువే, జీతం కూడా గొప్పగా ఉండదు. ఇది ముందే తెలుసుకుని రండి. స్థిరమైన ఉద్యోగం కావాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా భర్తీ చేసే సీడీపీఓ, ఐసీడీఎస్ సూపర్‌వైజర్ నోటిఫికేషన్లపై కన్నేయండి. బాలల సంక్షేమ సమితి సభ్యత్వం మాత్రం అనుభవం వచ్చాకే. అధ్యక్షుడు, నలుగురు సభ్యులుండే ఈ సమితికి మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. సభ్యులకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ భత్యమే.

పని తీరు చూడాలంటే ఒక్క విషయం చాలు: వయసు. పాతబస్తీ గాజుల కార్ఖానాలో దొరికిన కుర్రాడికి పద్దెనిమిది నిండాయంటూ యజమాని ఆధార్ కార్డు తీసి చూపిస్తాడు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూడాల్సింది బడి రికార్డు లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. కుర్రాడిది బిహార్ అయితే అక్కడి బడికి ఫోన్ కొట్టి రిజిస్టరు పేజీ తెప్పించే మనిషి ఎవరో ఒకరుండాలి. ఆ మనిషే ఈ ఉద్యోగి. హిందీ వస్తే సగం పని సులువవుతుంది. ఇంటి పరిస్థితులపై రాసే సామాజిక విచారణ నివేదిక ఇంకా ముఖ్యం. ‘కుటుంబం పేదది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సమితి ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అప్పు ఎంత, ఎవరి దగ్గర, తల్లి ఏ పని చేస్తుంది, తిరిగి పంపితే మళ్లీ పనికి పెట్టే వీలుందా, అన్నీ రాయాలి.

ఇంకో జాగ్రత్త. విడిపించిన పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టకండి. పిల్లల వివరాలు బయటపెడితే అదే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు సెలవుల్లో ఏదైనా స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌షిప్ అడగండి. పాఠాలు చెబుతామనే వాళ్లు అక్కడ బోలెడుమంది దొరుకుతారు. కేసు ఫైళ్లు రాస్తాను, ఇళ్లకు వెళ్లొస్తాను అంటే వెంటనే రమ్మంటారు.