స్కీమా చెప్పిన జిల్లా ఫైల్లో ఉందా?

ప్రశ్న: మాది అంబాజీపేట. కొబ్బరి సరుకు పంపిన వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో దాస్తాం. రాసేవాళ్లకు పని తగ్గుతుందని స్కీమాలో 'జిల్లా' యాట్రిబ్యూట్‌కు 'తూర్పు గోదావరి' అని డిఫాల్ట్ పెట్టాం. జిల్లా రాయని ఫైలును కూడా వాలిడేటర్ సరేనంటోంది. కానీ జావా ప్రోగ్రాం జిల్లా పేరు చూపిస్తోంది, పైథాన్ ప్రోగ్రాం ఏమీ లేదంటోంది. ఏది తప్పు? ఇప్పుడు జిల్లా మారింది కాబట్టి స్కీమాలో పేరు మార్చేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: రెండు ప్రోగ్రాముల్లో ఏదీ తప్పు కాదు. స్కీమాలో పేరు మార్చడం మాత్రం తప్పే. మీరు డిఫాల్ట్ ఇచ్చినంత మాత్రాన ఆ విలువ ఫైల్లోకి చేరదు. యాట్రిబ్యూట్ లేకుండా వచ్చిన ఎలిమెంట్ కనబడితే వాలిడేటర్ తన చేతిలోని నకలుకు ఆ విలువ జోడిస్తుంది. డిస్కు మీది ఫైలు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. జావాలో పార్సర్‌కే స్కీమా అప్పగిస్తే నింపిన నకలు మీ చేతికొస్తుంది. పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ మామూలుగా తనిఖీ చేసి ఊరుకుంటుంది. డిఫాల్టులు నింపమని విడిగా చెబితేనే నింపుతుంది. 2001 మే 2న వెలువడిన స్కీమా ప్రమాణం రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు. అందుకే ప్రతి యాట్రిబ్యూట్ విలువ ఫైలు నుంచి వచ్చిందా, స్కీమా నుంచి వచ్చిందా అని వాలిడేషన్ ఫలితంలో విడిగా గుర్తు పెట్టించారు. స్కీమాకు ముందు ఫైలు నియమాలు రాసుకున్న 1998 నాటి డీటీడీల్లోనూ ఈ చిక్కు ఉంది: వాలిడేట్ చేయని పార్సర్ బయటి డీటీడీని చదవాల్సిన పని లేదు, చదవకపోతే అందులోని డిఫాల్టులు దానికి తెలియవు. రిలాక్స్ ఎన్‌జీ అనే మరో స్కీమా భాషను రూపొందించినవాళ్లయితే తనిఖీ పేరుతో సమాచారం మార్చడమే వద్దనుకున్నారు. ఆ నిర్ణయమే నాకు సబబుగా తోస్తుంది.

దీని నష్టం ఎంతో మీ జిల్లా సంగతే చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మీ అంబాజీపేటతో పాటు అమలాపురం, రాజోలు, కొత్తపేట తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అన్న పేరు ఖరారైంది. స్కీమాలో పేరు మార్చారనుకోండి, 2021లో జిల్లా రాయకుండా దాచిన సరుకు చీటీ కూడా రేపు తెరిస్తే అప్పటికింకా పుట్టని జిల్లా పేరు చూపిస్తుంది. మార్చకపోతే నిన్నటి చీటీ తూర్పు గోదావరిదని చెబుతుంది. రెండు సందర్భాల్లోనూ వాలిడేటర్ ఒక్క తప్పూ పట్టదు. ఫైల్లో ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం మారిపోతుంది. అది ఎప్పుడు, ఎవరి వల్ల మారిందో ఫైలు చూసి చెప్పలేం.

'స్కీమా భాషే డిఫాల్టుల మీద నడుస్తోంది కదా' అని మీరు అడగొచ్చు. నిజమే. ఒక ఎలిమెంట్ ఎన్నిసార్లు రావాలో రాయకపోతే ఒకసారి అని, యాట్రిబ్యూట్ తప్పనిసరో కాదో రాయకపోతే ఐచ్ఛికమని ఆ ప్రమాణమే అనుకుంటుంది. కానీ అవి ఆ భాష తనకు తాను పెట్టుకున్న నియమాలు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ వాటిని మార్చదు. జిల్లా పేరు లోకంలోని విషయం, అది మీ అదుపులో లేదు. ఆ మాటకొస్తే కొలతకు 'కాయలు' అని డిఫాల్ట్ ఇవ్వడానికీ నేను వెనకాడతాను. కొబ్బరికాయ లెక్క వేలల్లో, ఎండు కొబ్బరి లెక్క క్వింటాళ్లలో. ఎవరైనా కొలత రాయడం మరిచిపోతే క్వింటాళ్లు కాయలైపోతాయి. ప్రతి వరసలో జిల్లా రాస్తే ఫైలు పెరుగుతుందన్న అభ్యంతరం పెద్దది కాదు. చీటీ మొత్తానికి ఒక్కసారి పైన రాస్తే చాలు.

ఇంకో మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. యాట్రిబ్యూట్ అసలు లేకపోతేనే డిఫాల్ట్ వస్తుంది; జిల్లా="" అని ఖాళీగా రాస్తే రాదు, ఆ ఖాళీనే విలువ. రకం మామూలు స్ట్రింగ్ అయితే తనిఖీలో నెగ్గేస్తుంది కూడా. ఎలిమెంట్ల దగ్గర ఇది తిరగబడుతుంది: ఎలిమెంట్ ఉండి ఖాళీగా ఉంటే డిఫాల్ట్ వస్తుంది, ఎలిమెంటే లేకపోతే రాదు. ఇక యాట్రిబ్యూట్‌కు డిఫాల్టూ ఇచ్చి, తప్పనిసరి అని కూడా పెడదామంటే స్కీమాయే చెల్లదు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

మీరు తప్పనిసరినే ఎంచుకోండి. అయితే ముందు పాత ఫైళ్ల సంగతి చూడండి. తేదీ 2022 ఏప్రిల్ 4కు ముందుదైతే తూర్పు గోదావరి అని, తర్వాతిదైతే ఆనాటికి అమల్లో ఉన్న పేరును ఫైల్లోనే రాయించండి. అది పూర్తయ్యాకే స్కీమాలోంచి డిఫాల్ట్ తీసి, 'రిక్వైర్డ్' పెట్టి, చెల్లే జిల్లా పేర్ల జాబితా కూడా ఇవ్వండి. అప్పుడు ఖాళీగా వదిలిన చీటీ వాలిడేటర్ దగ్గరే ఆగిపోతుంది.