కన్సోలులోఁ బుటాంశములు కనఁబడు రీతి

జావాస్క్రిప్టు నేర్చు పై తరగతుల విద్యార్థులకుఁ గన్సోలునెడ మిక్కిలి నమ్మకము. నమ్మకము మంచిదే. కాని కన్సోలు చూపుదాని యర్థ మెఱుఁగక నమ్మినచో, దోష మొకచోట నుండఁగా వేఱొకచోట వెదకుట తటస్థించును.

బ్రౌజరు హెచ్‌టీఎంఎల్ పాఠమును జదివి, దానినుండి యొక వస్తువృక్షమును నిర్మించును. దీనికి డామ్ అని పేరు. దీని మొదటి ప్రమాణము 1998లో వెలువడినది. కావునఁ బుటలోని ప్రతి యంశమునకు టాగురూప మొకటి, గుణములతోఁ గూడిన వస్తురూప మొకటి కలవు. క్రోమునందు కన్సోల్.లాగ్ అని వ్రాసినచో మొదటిదియు, కన్సోల్.డిర్ అని వ్రాసినచో రెండవదియుఁ గానవచ్చును. ఫైర్‌ఫాక్సులోనైతే లాగ్ వ్రాసినను టాగు సంక్షేపముగాఁ గనఁబడి, ప్రక్కనున్న బాణపుగుర్తు నొక్కఁగా గుణములే వచ్చును.

ఈ భేదము వట్టి యలంకారము కాదు. ఒక పుటలో మార్కులు వ్రాయు పెట్టె యున్నదనుకొందము. మొదట దానియందు 0 అని వ్రాసి యుంచితిమి. చూచువాఁడు దానిని 45గా మార్చెను. టాగురూపమున విలువ యింకను 0 అనియే యుండును, ఏలయన నది చూపునది యారంభపు విలువ మాత్రమే. గుణములలోని వాల్యూ చూచినప్పుడే 45 దొరకును.

ఇంతకంటె మోసకరమైనది మఱియొకటి కలదు. ఒక్క పద్దు గల జాబితాను లాగ్ చేసి, తరువాతి పంక్తిలో మఱి రెండు పద్దులు చేర్చితిమనుకొనుఁడు. పిమ్మటఁ గన్సోలు తెఱచి బాణము నొక్కిన మూఁడును గనఁబడును! లాగ్ చేయునప్పటికే మూఁడును వచ్చియున్నవని విద్యార్థి తలంచును. నిజమునకుఁ గన్సోలు ఛాయాచిత్రము తీయలేదు. వస్తువునే పట్టుకొని యున్నది. తెఱచిన క్షణమున దాని స్థితి యెట్టిదో యదియే చూపును.

లాగ్ చేసిననాఁటి స్థితియే కావలయునన్న ఔటర్‌హెచ్‌టీఎంఎల్‌ను లాగ్ చేయవలెను. అది యక్షరముల వరుస, తరువాత మారదు. క్లోన్‌నోడ్‌చేఁ బ్రతి తీసి లాగ్ చేసినను సరిపోవును. బ్రాకెట్లలో ట్రూ అని వ్రాయుట మఱవరాదు, లేనిచో లోపలి పద్దులు రావు. కొందఱు జేసన్ స్ట్రింగిఫై నాశ్రయింతురు. వారికి సాధారణముగా ఖాళీ ఫ్లవరు బ్రాకెట్లే దక్కును. అంశముల గుణములు చాలవఱకు ప్రొటోటైపునందుండును గాని యంశమునందు స్వయముగా నుండవు.

మాకు మాత్రము, అనుమానము గలిగిన పంక్తికడ డీబగ్గర్ అని వ్రాసి పుట నాపి చూచుటయే మేలని తోఁచును. పరిశీలన పలకను ముందే తెఱచియుంచవలెను, లేనిచోఁ బుట యాగదు. ఆఁగినపిమ్మట ఎలిమెంట్స్ భాగమున నంశము నెన్నుకొని, కన్సోలులో డాలరు గుర్తును దాని వెంట సున్నను గొట్టిన, ఆ యంశమే చేతికి వచ్చును.